పుల్లకు అతుక్కునే దాకా: సాతే లిలిత్ నేర్చుకున్న రోజు

బాలిలోని క్లుంగ్‌కుంగ్ ప్రాంతంలో ఒక ఇంట్లో బస చేశాం. మర్నాడే గలుంగన్ పండుగ. వాళ్ల పంచాంగం ప్రకారం 210 రోజులకోసారి వస్తుంది. ఇంకా తెల్లవారలేదు, వాకిట్లో కత్తుల చప్పుడు. వెళ్లి చూస్తే వంట దగ్గర ఉన్నది అందరూ మగవాళ్లే! పండుగ మాంసం వంట అక్కడ మగవాళ్ల పనట. మసాలా కలిపిన మాంసం ముద్దను పుల్లకు చుట్టి నిప్పుల మీద కాల్చే సాతే లిలిత్ చేస్తున్నారు.

"నేనూ చేస్తాను, పక్" అన్నాను. పెద్దవాళ్లను అక్కడ అలాగే పిలుస్తారు. నేను పంది మాంసం తిననని ముందే తెలుసు కాబట్టి, ఆ ఇంటి పెద్దాయన నాకోసం విడిగా వంజరం చేప తెప్పించి ఉంచారు. ఆ మాటకే నా మనసు నిండిపోయింది.

ముందు మసాలా. దాన్ని బాసె గెనెప్ అంటారు. చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, పచ్చి పసుపు కొమ్ము, అల్లం, దుంపరాష్ట్రం, మిరపకాయలు, ధనియాలు, మిరియాలు, కెమిరి అనే నూనె గింజ, కాస్త ఎండు రొయ్యల ముద్ద. మన రోట్లో దంచినట్టు దంచబోతే పెద్దాయన ఆపారు. వాళ్ల రాయి పళ్లెంలా లోతు లేకుండా ఉంటుంది. దాని మీద బండతో రాస్తూ నూరాలి. అరగంటకు నా మణికట్టు లాగేసింది, వేళ్లు పసుపెక్కాయి.

మెత్తగా కొట్టిన చేపలో ఆ మసాలా, కోరిన పచ్చి కొబ్బరి, కొంచెం తాటి బెల్లం కలిపాను. నిమ్మగడ్డి కాడకు చుట్టి నిప్పుల మీద పెట్టాను. మొదటిది జారి బొగ్గుల్లో పడింది. రెండోదీ అంతే. మూడోది పడేసరికి నిజంగా టెన్షన్ వచ్చింది. నా కోసం తెచ్చిన చేప అది, బూడిదపాలు చేస్తున్నానే అనిపించింది.

పెద్దాయన గిన్నె దగ్గరికి లాక్కున్నారు. "పెలాన్ పెలాన్" అన్నారు, మెల్లగా మెల్లగా అని. ఉప్పు వేసి, ఆ ముద్దను అరచేత్తో గిన్నె అంచుకేసి రాస్తూ, ఎత్తి కొడుతూ చాలాసేపు పిసికారు. వేలు పెట్టి లాగితే బంకలా సాగింది. నేను కలిపి వదిలేశాను, అదే నా తప్పు. తర్వాత చెయ్యి తడి చేసుకుని, గుప్పెడు ముద్ద కాడ పైభాగాన పెట్టి, కాడను తిప్పుతూ బొటనవేలితో కిందికి ఒత్తుకుంటూ వచ్చారు. చివర సన్నగా నొక్కేశారు. లిలిత్ అంటే చుట్టడమే.

నాలుగోది నిలబడింది. కొబ్బరి చిప్పల బొగ్గు మీద తిప్పుతూ ఉంటే ముందు నిమ్మగడ్డి వాసన, ఆ వెనకే కొబ్బరి కాలిన కమ్మదనం వచ్చాయి. మామూలు సాతేకు లాగా దీనికి వేరుశెనగ సాస్ అక్కర్లేదు. పచ్చి ఉల్లిపాయ, మిర్చి, నిమ్మగడ్డి తరిగి కొబ్బరినూనె పోసిన సంబల్ మతహ్ చాలు.

పెద్దాయన నేను చుట్టినదొకటి తీసి, తలకిందులుగా పట్టుకుని గట్టిగా విదిలించారు. ముద్ద కదల్లేదు. దాన్ని తీసుకెళ్లి ఆయన కాల్చిన వాటి పక్కనే అరిటాకు మీద పెట్టారు.