అమ్మ నోట్‌బుక్కుతో ఆర్ పరీక్షకు ప్రిపేరయ్యాను

ఆర్ (గణాంకాల లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) మీద ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఆన్‌లైన్ కోర్సులు) సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టిన జూనియర్లు, ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతున్నారు. మాది పలాస. చదివింది బీఎస్సీ స్టాటిస్టిక్స్. ప్రోగ్రామింగ్ అంతకుముందు ముట్టుకోలేదు.

మొదటి మూడు వారాలు వీడియోలు చూసి నోట్సు రాశాను. అన్నీ అర్థమైనట్టే ఉండేవి. తీరా ఫ్రెండ్ లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒక్క లైనూ నడవలేదు. ముందు ఆర్, తర్వాత ఆర్‌స్టూడియో (ఆర్ కోడ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్) వేయాలని తెలియక, రెండోది ఒక్కటే వేసి ఒక పూట పోగొట్టాను.

అప్పుడు అమ్మ నోట్‌బుక్కు తీశాను. అమ్మ జీడి కార్ఖానాలో పప్పు పొట్టు తీస్తుంది, రోజుకి ఎన్ని కేజీలయ్యాయో రాసుకుంటుంది. ఒక వారం 5, 6, 7, 6, 6. ఆరో రోజు జ్వరం, ఖాళీ. ఆ ఖాళీలో నేను సున్నా పెట్టాను. సగటు 5 వచ్చింది.

"ఎల్లని రోజు కూడా లెక్కలో కలిపేసినావేట్రా?" అంది అమ్మ.

మిస్సింగ్ వాల్యూ (డేటాలో లేని విలువ) అంటే ఏమిటో నాకు ఆ మాటతోనే ఎక్కింది. సున్నా తీసి ఎన్ఏ (ఇక్కడ విలువ లేదని ఆర్‌కి చెప్పే గుర్తు) పెడితే, మీన్ (సగటు) కూడా ఎన్ఏ అనే వచ్చింది. ఎన్ఏలను వదిలేయమని ఎన్ఏ.ఆర్ఎం = ట్రూ చేర్చాక 6. ఆ ట్రూ మొత్తం పెద్ద అక్షరాల్లోనే ఉండాలి, ఆర్‌కి ఆ పట్టింపు ఎక్కువ. అవే ఐదు అంకెలకు చేత్తో ఎన్‌తో (అంకెలు ఎన్నో ఆ సంఖ్యతో, ఇక్కడ 5) భాగించి ఎస్‌డీ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) కడితే 0.63, ఆర్‌లో 0.71. తప్పు చేశానేమోనని గంటసేపు టెన్షన్ పడ్డాను. ఆర్ మాత్రం ఎన్ మైనస్ ఒకటితో భాగిస్తుంది, అంతే.

అసలు దెబ్బ గ్రేడ్ల దగ్గర తగిలింది. జీడిపప్పులో 180, 210, 240, 320 అంటే పౌనుకు దాదాపు అన్ని పప్పులు తూగుతాయని. ఆ గ్రేడ్ల కాలమ్‌ని ఫ్యాక్టర్ (రకాల పేర్లుగా దాచే డేటా) చేసి, మళ్లీ అంకెలు కావాలని యాజ్.న్యూమరిక్ కొడితే 180 కాస్తా 1, 320 కాస్తా 4 అయి కూర్చున్నాయి. ఎర్రర్ కూడా రాలేదు! ఫ్యాక్టర్ లోపల దాచేది వరస నంబర్లు. ముందు యాజ్.క్యారెక్టర్‌తో అక్షరాలుగా మార్చి, ఆపైన యాజ్.న్యూమరిక్ కొట్టాలి.

అక్కణ్నుంచి ఎంటర్ కొట్టే ముందు జవాబు కాగితం మీద రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. తప్పిన ప్రతిసారీ ఆగి, ఎందుకో చూసేవాణ్ని.

మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. అసైన్‌మెంట్లు కాపీ కొట్టి పాతిక తెచ్చుకున్నా, పరీక్షలో 75కి కనీసం 30 రాకపోతే సర్టిఫికెట్ రాదు.

ఆర్‌ని తయారుచేసిన రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్, వాళ్లు పనిచేసిన ఆక్లాండ్, 1.0.0 వెర్షన్ వచ్చింది 2000 ఫిబ్రవరి 29న... ఇవన్నీ రైల్లో బట్టీపట్టాను. పరీక్షలో ఒక్కటీ రాలేదు. ఎన్ఏ ప్రశ్న వచ్చింది, అరనిమిషంలో పెట్టేశాను. పోగొట్టుకున్నది వెక్టర్ల (అంకెల వరసల) కూడిక. 1, 2, 3, 4 ఉన్న వెక్టర్‌కి 10, 20 ఉన్నదాన్ని కలిపితే ఏమొస్తుందో కాగితం మీద రాసి, తర్వాత టైప్ చేసి చూడండి.