బీట్ పుస్తకంలో సంతకం

విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్నగారి ఇత్తడి సామాన్ల దుకాణం కటకటాలకు ఒక చిన్న రేకు పెట్టె వేలాడుతూ ఉండేది. అందులో పోలీసుల బీట్ పుస్తకం, దారంతో కట్టిన పెన్ను ఉండేవి. రాత్రి గస్తీకి వచ్చిన కానిస్టేబుల్ అక్కడ ఆగి, తేదీ, వేళ వేసి సంతకం చేయాలి. దుకాణం పైనే మా ఇల్లు కావడంతో ఆ రేకు మూత చప్పుడు నిద్రలో కూడా నాకు తెలిసిపోయేది.

నాన్నగారు పొద్దున్నే దినపత్రిక కంటే ముందు ఆ పుస్తకం చూసేవారు. ఒకసారి నాలుగు రాత్రుల సంతకాలు ఒకే సిరాతో, ఒకే వాలుతో, సరిగ్గా 2 గంటలకే చేసినట్లు కనిపించాయి. ఆయన స్టేషన్‌కు వెళ్ళలేదు. ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని, కానిస్టేబుల్ రాగానే, "ఏం బాబూ, నాలుగు రోజులూ గడియారం పట్టుకుని తిరిగినట్టున్నావే!" అన్నారు. "దసరా బందోబస్తు, షావుకారు గారూ. కొండ దగ్గర క్యూలైన్లలో వేశారు, ఇటు తిరగడానికి మనిషే లేడు" అని అతను తల దించుకున్నాడు.

దొంగ సంతకం తప్పే గానీ, అతను చెప్పింది అబద్ధం కాదు. ఇంద్రకీలాద్రి ఉత్సవాలకు ఇతర జిల్లాల నుంచి ఎంత మందిని రప్పించినా, ఊరి సందులు తెలిసిన స్థానిక సిబ్బంది కూడా అక్కడికే వెళ్ళవలసి వస్తుంది. ఆ సందులు తెలియడమే గస్తీలో సగం పని. పోలీసుల గస్తీ బండి, రక్షక్ వాహనం, పెద్ద రోడ్డు వరకే వస్తుంది. ఇరుకు వీధుల్లోకి బ్లూ కోల్ట్స్ అనే గస్తీ పోలీసుల మోటారు సైకిల్ దూరుతుంది. కొండ మీది ఇళ్ళకు మెట్లెక్కి నడవడం తప్ప వేరే దారి లేదు. పైగా ఇక్కడ అర్ధరాత్రి మూట మోసుకుపోయే ప్రతివాడినీ అనుమానించడం కుదరదు: అతను రైలు దిగిన ప్రయాణికుడు కావచ్చు, సరుకు దించడానికి పోతున్న హమాలీ కావచ్చు. రోజూ తిరిగే కానిస్టేబుల్‌కే ఆ తేడా తెలుస్తుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 168వ సెక్షన్ ప్రకారం, కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండానే అరెస్టు చేయదగ్గ నేరం, జరగకుండా శక్తిమేరకు అడ్డుకోవడం ప్రతి పోలీసు అధికారి బాధ్యత. చిక్కల్లా లెక్క దగ్గరే వస్తుంది. అత్యవసర నంబరు 112కు ఫోన్ వస్తే ఎన్ని నిమిషాల్లో వెళ్ళారో రికార్డవుతుంది. గస్తీ వల్ల జరగకుండా పోయిన దొంగతనం ఏ రిజిస్టరుకూ ఎక్కదు. అందుకే సిబ్బంది తక్కువైనప్పుడల్లా మొదట కోత పడేది గస్తీకేనని నా అనుమానం.

ఊరు వెళ్ళేవారు కోరితే తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా అమర్చే ఎల్‌హెచ్‌ఎంఎస్ సదుపాయం మన రాష్ట్రంలో ఉంది. బీట్ పుస్తకం బదులు ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే పద్ధతీ చాలా ఊళ్ళలో వచ్చింది. దానితో నాలుగు రాత్రుల సంతకాలు ఒకేసారి పెట్టడం కుదరదు, సంతోషమే. అయితే మనిషి వచ్చాడని ఫోన్ చెబుతుంది గానీ, తాళం లాగి చూశాడో లేదో చెప్పదు.

ఆ కానిస్టేబుల్ మాత్రం బదిలీ అయ్యేవరకు, సంతకం పూర్తయ్యాక మా షట్టరు తాళాన్ని పైన నాన్నగారికి వినబడేలా రెండుసార్లు గట్టిగా లాగి వెళ్ళేవాడు.