పడమటి గాలిలో ఒక కావడి

జపాన్ రచయిత నాగత్సుక తకాషి రాసిన ‘త్సుచి’, అంటే ‘మట్టి’ అనే నవలను ఆంగ్లానువాదంలో నిన్న రాత్రి చదవడం ముగించాను. ఆ పడమటి గాలి హోరు ఇంకా నన్ను వదలలేదు. నవల మొదట్లోనే ఓషినా అనే పేద రైతు భార్య, వెదురు బద్ద కావడికి చెట్టుకొమ్మతో చేసిన కొక్కేలు వేలాడదీసి, వాటికి బొక్కెనలు తగిలించుకుని, చలిగాలికి ఎదురీదుతూ ఊరూరా టోఫు (సోయా పాలతో చేసే జున్నులాంటి పదార్థం) అమ్ముకుని ఇంటిదారి పడుతుంది. కొద్ది రోజులకే, మరో బిడ్డను సాకే దారిలేక తన గర్భాన్ని తానే తీసేసుకున్న ఆ తల్లి ధనుర్వాతంతో చనిపోతుంది. రచయిత ఎక్కడా గొంతు పెంచకుండా ఆమె బాధను గంట గంటకూ చెప్పుకుపోతుంటే, నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తకాషి 1879లో ఇబారకి ప్రాంతపు భూస్వామి ఇంట పుట్టాడు, ప్రసిద్ధ హైకూ కవి మసఓక షికికి కవిత్వంలో శిష్యుడు. కౌలు రైతు ఇంట్లోని ఆకలిని, చిన్న చిన్న దొంగతనాలను, తల్లిలేని ఆడపిల్ల మీద పడిన చాకిరీని ఒక భూస్వామి కొడుకు ఇంత దగ్గరగా, ఎవరినీ దేవతలను చేయకుండా రాయగలగడమే నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది. 1910లో అసాహి పత్రికలో ఇది ధారావాహికగా రావడానికి కారణమైన ప్రఖ్యాత నవలాకారుడు నత్సుమె సోసెకి, తన కూతురు పెద్దదయ్యాక ఈ పుస్తకం చదవాలని ముందుమాటలో రాశాడు. తకాషి మాత్రం 1915లో, 35 ఏళ్లకే, క్షయతో ఫుకువోకలో కన్నుమూశాడు.