పౌడర్ కోటింగ్ అయ్యాక బుల్లెట్ ముందు భాగం బిగించిన కథ

పౌడర్ కోటింగ్ నుంచి వచ్చిన పార్టుల్ని పేపర్లు విప్పి మంచం మీద పరిచాక అరగంట సేపు ఏ పనీ చేయలేదు, అలా చూస్తూ కూర్చున్నా. మా మావయ్య దగ్గర్నుంచి నాకొచ్చిన 1992 మోడల్ బుల్లెట్ 350 బండి అది, ముందు మడ్‌గార్డు, దాన్ని పట్టుకునే స్టేలు, ముందు చక్రం రెండు ఫోర్క్ పైపుల్నీ కలిపి పట్టుకునే కింద టీ, బ్రేక్ ప్లేటు, హెడ్‌లైటూ స్పీడో మీటరూ కూర్చునే క్యాస్కెట్, ఇవన్నీ పాతబడి మూడు రకాల నలుపుల్లో ఉండేవి, ఇప్పుడు అన్నీ ఒకే నలుపు, అద్దంలా.

తర్వాత రోజు పొద్దున్నే బిగించడం మొదలుపెట్టా. కింద టీ మధ్యలో నిలబడే స్టెమ్‌కి కింది కోన్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగ్ బాల్స్ దొర్లే రింగు, ఎక్కించాలి కదా, అది సగం దూరం కూడా దిగలేదు. పీకేటప్పుడు ఆ కోన్ పుల్లర్‌తో మామూలుగానే వచ్చేసింది మరి. వెర్నియర్ తెచ్చి కొలిస్తే కోన్ కూర్చునే చోట స్టెమ్ దాదాపు 0.2 మి.మీ. లావెక్కింది. కోటింగ్ షాపు వాళ్ళకి స్టెమ్ మీద పడకూడదు అని నోటితో చెప్పా, వాళ్ళు మరలకి టేపు చుట్టారు గానీ కోన్ కూర్చునే చోట టేపు వేయలేదు. అందుకే చెప్తున్నా, నోటితో చెప్పొద్దు, ప్రతి పార్టుకీ మార్కర్‌తో గుర్తు పెట్టి ఫోటో తీసి ఎక్కడెక్కడ పడకూడదో కాగితం మీద రాసి ఇవ్వండి, మరల రంధ్రాల్లోకి సిలికాన్ బిరడాలు పెట్టారో లేదో ఓవెన్లోకి వెళ్ళే ముందే చూసుకోండి.

ఇది మామూలు పెయింట్ లాంటిది కాదు. పొడికి కరెంట్ చార్జి ఇచ్చి ఎర్త్ చేసిన లోహం మీదకి కొడతారు, అది అతుక్కుంటుంది, తర్వాత 180 నుంచి 200 డిగ్రీల వేడిలో 10-20 నిమిషాలు ఉంచితే కరిగి గట్టిపడుతుంది. మందం మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మి.మీ.). చెప్పుకోవడానికి చిన్న అంకె, కానీ గుండ్రటి దానికి రెండు వైపులా పడుతుంది కాబట్టి 80 మైక్రాన్లు అంటే వ్యాసంలో 0.16 మి.మీ. తేడా, బిగుతుగా కూర్చోవాల్సిన కోన్‌కి అది చాలా ఎక్కువ.

సుత్తితో కొట్టి దింపేద్దామా అని పక్క వీధి మెకానిక్ బాబాయ్‌ని అడిగితే "వద్దు అబ్బాయ్, దిగినా తిన్నగా దిగదు, గీసుకుపోయిన రంగు చెక్కులన్నీ బాల్స్ మధ్యకి పోతాయి" అన్నాడు. నిజమే. చుట్టూ ఉన్న మంచి కోటింగ్‌కి టేపు వేసి కోన్ కూర్చునే ఆ పట్టీ వరకే పెయింట్ రిమూవర్ పూసి పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి వదిలేశా, గ్లవ్స్ లేకుండా మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, చర్మం మండిపోతుంది. మూడు సార్లు పూశాక గానీ లేవలేదు. మిగిలింది సన్న ఎమరీ పేపర్ రిబ్బన్‌లా చించి బూట్లు తుడిచినట్టు లాగుతూ తీశా, ఇనుము కనపడగానే ఆపేశా, ఇంకా లాగితే కోన్ లూజైపోతుంది.

ఫోర్క్ పైపులు దూరే కింద టీ రంధ్రాల్లోనూ ఇదే గొడవ. అక్కడ పౌడర్ పూర్తిగా తీసేయాలి, ఇందులో మొహమాటం లేదు. క్లాంపు బోల్టు బిగిస్తే ఒత్తిడికి ఆ పొర నెమ్మదిగా అణిగిపోతుంది, అణిగిన మేరకి బోల్టు పట్టు తగ్గుతుంది, అదీ పైపుల్ని పట్టుకునే బోల్టు. బోల్టు తల కింద, నట్టు కింద కూడా వాషర్ సైజుకి గీకేసి పలచగా గ్రీజు రాశా.

ఎక్కువ భయపెట్టింది క్యాస్కెట్. బుల్లెట్‌లో ఫోర్క్ పైపుల పైకొసలు దాని మరల్లోకే ఎక్కుతాయి, ఆ మరల్లో పొడి కరిగి గడ్డకట్టింది. మరలు కోసి శుభ్రం చేసే ట్యాప్ ఆ సైజుది నాకెక్కడా దొరకలేదు. క్యాస్కెట్ అల్యూమినియం పోత, ఉక్కు పైపుని బలవంతంగా తిప్పితే పోయేది క్యాస్కెట్ మరలే. ఆటోనగర్ పాత సామాన్ల కొట్లో వంకర పోయిన ఫోర్క్ పైపు ఒకటి తెచ్చా, దాని మరల మీద హాక్సా బ్లేడుతో నిలువుగా మూడు గాట్లు పెట్టా, అదే నాకు ట్యాప్ అయింది, పావు చుట్టు తిప్పడం, వెనక్కి తిప్పడం, గాట్లలో నిండిన నల్ల పొడి డీజిల్‌తో కడగడం, మళ్ళీ తిప్పడం. రెండు వైపులకీ కలిపి ఒక సాయంత్రం అంతా పట్టింది గానీ అసలు పైపులు చేత్తోనే ఎక్కాయి. ఈ మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన సాయంత్రం అదే.

హెడ్ బేరింగ్ బాల్స్ సంగతి. పైన 19, కింద 19, పావు అంగుళం సైజు, వాటిని పట్టి ఉంచే కేజ్ ఉండదు, విడివిడిగా గ్రీజులో అతికించుకోవాలి. 19 పెట్టాక కొంచెం ఖాళీ కనపడుతుంది, ఇంకొకటి ఇరికించొద్దు, ఆ ఖాళీ ఉండాల్సిందే. బాల్స్ కూర్చునే పాత కప్పుల్లో హ్యాండిల్ తిన్నగా ఉండే చోట గుంటలు పడ్డాయి, అందుకే మొత్తం కొత్త సెట్ వేశా. ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి బాబాయ్ టీని కింద నుంచి పట్టుకుంటే నేను పైన బిగించా. ముందు భాగం గాల్లో ఉండగా హ్యాండిల్ మధ్య నుంచి వదిలితే రెండు వైపులకీ తనంతట తానే పడాలి, ఫోర్క్ అడుగు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్‌మనకూడదు.

పైపులు ఎక్కించి ఫోర్క్ రెండు కాళ్ళలోనూ ఆయిల్ సమానంగా కొలిచి పోసి చక్రం పెట్టా, కానీ టీ బోల్టులు అప్పుడే బిగించలేదు. ముందు ఇరుసు బిగించి, బండిని నేల మీద పెట్టి బ్రేక్ పట్టుకుని నాలుగైదు సార్లు గట్టిగా కిందకి నొక్కితే పైపులు వాటి దారిలో అవి సర్దుకుంటాయి, అప్పుడు టీ బోల్టులు. బ్రేక్ ప్లేటులో, షూల్ని డ్రమ్‌కేసి నెట్టే క్యామ్ తిరిగే రంధ్రం కూడా పౌడర్‌తో ఇరుకైంది, అలాగే ఎక్కిస్తే బ్రేక్ పట్టాక వెనక్కి రాదు, అది మాత్రం తప్పక చూసుకోండి. క్యామ్ వేళ్ళతో తిరిగేదాకా శుభ్రం చేసి గ్రీజు చుక్క పెట్టా. షూలు డ్రమ్ మధ్యలో కూర్చోవడానికి బ్రేక్ లివర్ నొక్కి పట్టి ఇరుసు నట్టు ఆఖరి బిగింపు ఇచ్చా.

అన్నీ అయ్యాక కీ తిప్పితే హెడ్‌లైట్ వెలిగింది, క్యాస్కెట్ మీద అటూ ఇటూ ఉండే రెండు చిన్న టైగర్ ల్యాంపులూ వెలగలేదు. బల్బులు బాగానే ఉన్నాయి, వైర్లో కరెంటూ ఉంది. నా బండిలో వాటికి ఎర్త్ క్యాస్కెట్ బాడీ నుంచే, హోల్డర్ కూర్చునే చోట పౌడర్ అడ్డం పడింది, అది కరెంట్ పోనివ్వదు కదా. లోపలి వైపు బయటికి కనపడని చోట గోరంత గీకి పళ్ళ వాషర్ వేస్తే రెండూ వెలిగాయి.

ఆదివారం పొద్దున్నే వారధి మీదుగా తాడేపల్లి దాకా పోయొచ్చా, బ్రిడ్జి జాయింట్లు దాటేటప్పుడు హ్యాండిల్లో టక్ శబ్దం వస్తుందేమోనని చెవులు అక్కడే పెట్టుకుని నడిపా, రాలేదు. 100 కిలోమీటర్లయ్యాక టీ బోల్టులకి స్పానర్ పెడితే కొద్దిగా తిరిగాయి, హెడ్ బేరింగ్ కూడా కాస్త సర్దుకుంది, మళ్ళీ బిగించా. ఇప్పుడు 300 అయింది, నిన్న సాయంత్రం మళ్ళీ పెట్టి చూశా, ఏదీ కదల్లేదు.