పత్తి ఊళ్ళో భోగి, బైసన్ల నడుమ కనుమ

2018 సంక్రాంతికి అమ్మానాన్న ఫ్రిస్కోలో మా దగ్గరే ఉన్నారు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళకి కొదవ లేదు కాబట్టి ముగ్గులూ భోగిపళ్ళూ అన్నీ జరుగుతాయి. అయినా నాన్నకి ఏం తోచేది కాదు. పొద్దున్నే గరాజ్ ముందు నిలబడి, వీధిలో మనిషన్నవాడు కనిపిస్తాడేమోనని కాసేపు చూసి, లోపలికొచ్చి టీవీ పెట్టుకునేవాడు. ఆ ఏడు కనుమ సోమవారం పడింది. ఆ రోజే మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. మూడు రోజులు కలిసొచ్చాయని మావారు ఒక ఆర్‌వీ, అంటే వంటిల్లూ పడకలూ ఉన్న బండి, అద్దెకి తెచ్చారు. జనవరిలో వాటిని అడిగే నాథుడుండడు, అద్దె కూడా తక్కువే.

చూడాల్సిన చోట్ల లిస్టేమీ రాసుకోలేదు. పడమటి టెక్సస్‌లో రెండు చోట్ల రాత్రి ఆగడం, తిరిగి రావడం, అంతే. మా స్నేహితులైతే ఆ వైపు ఏముందని నవ్వారు. ఏమీ లేకపోవడమే బాగుంటుందని నాకు ముందునుంచీ ఒక నమ్మకం.

భోగి రోజు చీకటితోనే బయలుదేరాం. అబిలీన్ దాటి స్వీట్‌వాటర్ దగ్గరికొస్తే కంటికి ఆనినంత మేరా గాలిమరలే. మధ్యాహ్నం స్నైడర్‌లో పులిహోర తినడానికి ఆగాం. కోర్టు ముందు తెల్ల బైసన్ విగ్రహం ఉంది. బైసన్ అంటే మన అడవిదున్న లాంటి అమెరికా పశువు. 1876లో మూర్ అనే వేటగాడు ఆ దగ్గర్లోనే తెల్ల బైసన్‌ని కాల్చి చంపాడట. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "చంపినోడికి కాకుండా చచ్చినదానికి బొమ్మ పెట్టారు, నయమే" అన్నాడు.

పొద్దు వాలుతుండగా బ్రౌన్‌ఫీల్డ్ చేరాం. లబ్బక్‌కి నలభై మైళ్ళ దిగువన చిన్న ఊరు. ఊరి పార్కులోనే ఒక పక్కన ఆర్‌వీలకి చోటు కేటాయించారు. కరెంటు, నీళ్ళు ఉన్నాయి. మేం వెళ్ళినప్పుడు నాలుగు రాత్రుల వరకు పైసా కట్టక్కర్లేదు. "ఊరికే ఎందుకిస్తారు?" అని అమ్మకి అనుమానం. మరుసటి రోజు పొద్దున అక్కడే డీజిల్ కొట్టించి, పక్క కొట్లో పాలూ బియ్యమూ పచ్చిమిరపకాయలూ కొన్నాక ఆ లెక్క ఆవిడకి అర్థమైంది.

మా బండి కాక ఇంకో రెండే ఉన్నాయి. ఒకటి మినెసోటా నంబరు ప్లేటుది. చలికి పారిపోయి దక్షిణానికి వచ్చిన ముసలి జంట. వాళ్ళాయన మావారి దగ్గరికొచ్చి, "రాత్రికి గొట్టం తీసేయండి, గడ్డకడుతుంది, ట్యాంకు నింపుకుంటే చాలు" అని చెప్పి వెళ్ళాడు. కరెంటు ముప్ఫై యాంపులదే కాబట్టి హీటరు గ్యాస్ మీద నడిపాం. లేకపోతే రైస్ కుక్కరూ మైక్రోవేవూ ఒకేసారి పెట్టగానే బ్రేకరు పడిపోతుంది. ఎండుమిరపకాయ పోపులో పడగానే పొగ అలారం మోగింది. ఆర్‌వీలో తెలుగు వంట చేయాలంటే పైన వెంటు తెరిచి, ఒక మనిషి అట్ట పట్టుకుని అలారం కింద విసురుతూ ఉండాలి. ఆ ఉద్యోగం నాకిచ్చారు.

నాన్న మాత్రం బండిలో లేడు. ఊరి చివర జిన్నింగ్ మిల్లు చప్పుడు వినిపించి అటు నడిచాడు. వెతుక్కుంటూ వెళ్ళేసరికి రోడ్డు పక్కన ముళ్ళకంచెకి చిక్కుకున్న పత్తి పింజ ఒకటి తీసి, రెండు వేళ్ళ మధ్య లాగి పోగు పొడవు చూస్తున్నాడు. అవతల పసుపుపచ్చ ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి పత్తి కట్టలు మిల్లు ఆవరణ నిండా వరుసగా ఉన్నాయి. ఒక్కోటి మనిషి ఎత్తు మించి ఉంది. పల్నాడులో మా ఆరెకరాల పత్తి తీయాలంటే కూలీల కోసం పక్కూళ్ళ చుట్టూ తిరగాలి. ఆ కట్టలు చూసి నాన్న అడిగిన మొదటి మాట, "ఇదంతా తీసిందెవరు?"

కుక్కని తిప్పుతూ వచ్చిన ఒక రైతు జవాబు చెప్పాడు. మధ్యలో దుబాసీని నేను. ఇక్కడ మనిషి చెయ్యి పడదట, చెట్టు ఎండాక మిషను కాయని గుల్లతో సహా దువ్వేసుకుపోతుంది. ఆయన సేద్యం మూడు వేల ఎకరాలు. వానాధారం చేలల్లో బాగా పండితే ఎకరానికి ఒక బేలు. బేలంటే 480 పౌన్ల దూది. గింజతో కలిపి లెక్కేస్తే మన ఆరున్నర క్వింటాళ్ళు అటూ ఇటూ అవుతుంది.

"అంతేనా? కాలం కలిసొస్తే మనకి పది దాటుద్ది," అన్నాడు నాన్న. ఒక్క క్షణం ఆగి, "అయితే ఎకరాలు చూడు," అని నిట్టూర్చాడు.

తర్వాత ఏ మెట్ట రైతైనా అడిగేదే అడిగాడు. "బోరు ఎంత లోతు?" ఆయన టోపీ వెనక్కి తోసి నవ్వాడు. ఆ నేల కింద ఒగల్లాలా అనే పెద్ద నీటి పొర ఉంది, దక్షిణ డకోటా నుంచి టెక్సస్ దాకా ఎనిమిది రాష్ట్రాల కింద. దాన్ని దశాబ్దాలుగా తోడుతూనే ఉన్నారు. వాళ్ళ నాన్న కాలంలో చక్రాల మీద చేనంతా తిరుగుతూ నీళ్ళు చల్లే పైపులన్నీ నిండుగా తిరిగేవట. ఇప్పుడు కొన్ని బోర్లు కలిపితేగానీ ఒక పైపుకి నీళ్ళు చాలడం లేదు. నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే నాన్న తలూపాడు. ఇక దుబాసీతో పని లేకుండా ఇద్దరూ చేతులతో లోతులు చూపించుకుంటూ నిలబడ్డారు. నాకు చలేసి బండికొచ్చేశాను.

సంక్రాంతి రోజు పొంగలి అక్కడే వండుకుని ఉత్తరానికి వెళ్ళాం. సిల్వర్టన్ దాటాక అద్దంలా ఉన్న నేల ఒక్కసారిగా విరిగి ఎర్రటి లోయల్లోకి దిగుతుంది. అక్కడే కేప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్కు. వేసవిలో ఎండకి భయపడాలిగానీ, జనవరిలో క్యాంపు సగానికి పైగా ఖాళీ. మా చుట్టూ ఎవరూ లేరు. అమావాస్య దగ్గర పడటంతో ఆకాశం కాటుకలా ఉంది. సరిగ్గా మా నెత్తి మీదున్న పిల్లలకోడి చుక్కల గుంపుని నాన్న చూపించి, చిన్నప్పుడు చేను కాపలాకి వెళ్ళి దాన్ని చూసే టైము చెప్పేవాళ్ళమన్నాడు. అమ్మ ఐదు నిమిషాలు చూసి, "ఇక చాల్లెండి, ముక్కులు ఊడిపోతున్నాయి" అని తలుపేసింది.

కనుమ పొద్దున బండి కొంచెం ఊగింది. కిటికీ తెర తీస్తే ఎదురుగా గోధుమరంగు బొచ్చు. మంద మొత్తం మా చుట్టూనే మేస్తోంది. ఒకటి మా కరెంటు స్తంభానికి మెడ రుద్దుకుంటోంది. బైసన్లని వేల లెక్కన చంపుతున్న రోజుల్లో, 1878లో, మేరీ ఆన్ గుడ్‌నైట్ తన భర్త చార్లెస్‌తో కొన్ని అనాథ దూడల్ని పట్టించి పెంచింది. ఆ సంతతే ఇది. 1997లో రాష్ట్రానికి ఇచ్చారు, ఇప్పుడు పార్కులో యథేచ్ఛగా తిరుగుతుంది. యాభై గజాల దూరం పాటించమని బోర్డు చెబుతుంది. అవే మన దగ్గరికొస్తే ఏం చేయాలో బోర్డు మీద లేదు.

"కనుమ పూట పశువు గుమ్మంలోకొచ్చింది, పసుపు బొట్టు పెట్టొద్దా?" అంది అమ్మ. సరదాకి అందో నిజంగానే అందో నాకిప్పటికీ తెలీదు, చేతిలో కుంకుమ భరిణ మాత్రం ఉంది. మావారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. "అల్లుడు గారూ, అది మన గేదె కాదు, నాకు తెలుసు లెండి," అని ఆవిడ అద్దానికి లోపలి వైపే బొట్టు పెట్టింది.

అది కదిలేదాకా కరెంటు వైరు తీయడానికి లేదు. అమ్మ ఉప్మా చేసింది, నేను అట్టతో విసిరాను. తిన్నాం, కాఫీ తాగాం, మళ్ళీ తాగాం. పదకొండు దాటాక దానికి ఆ స్తంభం విసుగొచ్చి మందతో లోయలోకి దిగింది. మావారు పరుగున వెళ్ళి వైరు లాగారు. అద్దం మీద కుంకుమ తుడవకుండానే బండి తిరిగి ఇచ్చేశాం. దానికి క్లీనింగ్ చార్జీ వేశారు.