వేపచెట్టుకి నాలుగడుగులు

మా ఊరి మంచినీళ్ల పైపులకి మ్యాపు లేదు. ఉన్నదల్లా ఊరి పంపు నడిపే మా పెద మావయ్య బుర్రలోనే ఉండేది. పోయిన సంక్రాంతి తర్వాత ఆయన పలాసలో కూతురింటికి వెళ్లిపోయారు. మ్యాపూ ఆయనతోటే బస్సెక్కింది.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగరం దగ్గర పల్లె. వంశధార దాటితే ఆంధ్రా. నా పుట్టిల్లు ఆ ఒడ్డునే, కొత్తూరు వైపు. పెళ్లై వచ్చి పదహారేళ్లైనా ఒడియా గలగలా మాట్లాడతాను గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. 2019లో మొదలైన ఇంటింటి కుళాయిల పథకం జల్ జీవన్ మిషన్‌లో నీళ్లు పరీక్ష చేయడానికి ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి శిక్షణ అన్నారు కదా, ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. కిట్టు పట్టుకుని పంపు గదికి తిరగడం మొదలెట్టాకే మావయ్య పనేమిటో తెలిసింది. అంతకుముందు స్విచ్చి వేసి బీడీ కాల్చుకునే ఉద్యోగం అనుకునేదాన్ని.

ఒకసారి ట్యాంకు నింపిన గంటకే సగమైపోతోంది. ఎక్కడా తడి లేదు. రాత్రి రెండింటికి, ఊరు సద్దుమణిగాక, ఆయన వాల్వు తిప్పే ఇనప కీ భుజాన వేసుకుని బయల్దేరారు. వెనకాల నేనూ, టార్చి పట్టుకుని మా ఆయనా. కీ కొసని వాల్వు మీద ఆనించి, పైన పిడికి చెవి పెట్టి కళ్లు మూసుకునేవారు. ఒక్కో వాల్వు దగ్గరా అంతే. నాలుగోదాని దగ్గర నన్ను పిలిచారు. "ఇనబడతందేటే కోడలా? సుయ్యిమని ఏడుస్తంది సూడు. ఇక్కడే ఎక్కడో నీల్లు పోతన్నాయి." నాకు మొదట నా గుండె చప్పుడే వినబడింది. తర్వాత సన్నగా, పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడులాంటిది. తెల్లారి తవ్వితే, ఆ వాల్వుకి రెండు గజాల్లో జాయింటు పగిలి నీళ్లు ఇసకలోకి ఇంకిపోతున్నాయి.

బ్లీచింగూ అంతే. మాది యాభై వేల లీటర్ల ట్యాంకు. లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున 100 గ్రాముల క్లోరిన్ పడాలి. తాజా పొడిలో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది కాబట్టి 300 గ్రాములు చాలు. మూతి విప్పిన సంచి వానాకాలం చెమ్మకి పడి ఉంటే బలం తగ్గిపోతుంది, అప్పుడా లెక్క పనికిరాదు. మావయ్య సంచిలో చెయ్యి పెట్టి వాసన చూసి ఇంకో గరిటె వేసేవారు. నేను ఊరి చివరి కుళాయి దగ్గర కిట్టుతో చూసి, మిగిలిన క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాముల కన్నా తగ్గిందా లేదా చెప్పేదాన్ని. పొడిని ముద్దగా కలిపి, తేరాక పైనీళ్లే పోయాలనీ, మడ్డి పోయకూడదనీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయన వెళ్లాక సర్టిఫికెట్టున్న కుర్రాణ్ని పెట్టారు. మంచివాడే, మోటారు వైరింగు నాకన్నా వాడికే బాగా తెలుసు. మొదటి వారంలోనే, పైపులో నీళ్లు జోరుగా పరిగెడుతుండగా మెయిన్ వాల్వు గబగబా బిగించేశాడు. నీళ్లు వెనక్కి తన్ని బెండు దగ్గర పైపు ఊడింది. రెండు రోజులు ఊరంతా ఏటికి బిందెలు. మెల్లిగా, లెక్కపెట్టుకుంటూ తిప్పాలని వాడికెవరు చెప్పారు గనక? మూడో నెల జీతం కూడా అందకపోయేసరికి విశాఖపట్నం వెళ్లిపోయాడు. అక్కడ అపార్టుమెంట్లలో ఫిట్టర్ పని. వాణ్నేమీ అనలేను.

దేశంలో ఏ పెద్ద ఊరికెళ్లినా ప్లంబరు ఒడిశావాడే అంటారు. కేంద్రాపడా జిల్లా పట్టాముండాయ్ దానికే పేరు, అక్కడ ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థే ఉంది. అదే రాష్ట్రంలో మా ఊళ్లో వాల్వు తిప్పే మనిషి లేడు! పైవాళ్లు మనుషులు దొరకడం లేదంటారు. నాకైతే అలా అనిపించదు. మావయ్య ఉండగానే, ఒక్క వానాకాలం పాటు, ఆ కుర్రాణ్ని జీతమిచ్చి పక్కన నిలబెడితే సరిపోయేది. ఒకడి పనికి ఇద్దరికి జీతమేమిటన్నారు. పోనీ నాకు తెలుసు కదా, నేను చేస్తానంటే చదువు కాగితం అడిగారు. పంపు, ప్లంబింగు, కరెంటు పని కలిపి నేర్పే నల్ జల్ మిత్ర శిక్షణకి నా పేరు రాయమన్నాను. ఆడవాళ్లు ట్యాంకెక్కుతారా అని నవ్వారు. బ్లీచింగు కలపడానికి వారానికి రెండుసార్లు ఎక్కుతున్నది ఎవరనుకున్నారో.

ఇప్పుడు రోజూ సాయంత్రం పలాసకి ఫోన్. ఆయన చెప్తుంటే నోటుబుక్కులో తెలుగులో రాసుకుంటున్నాను: రామమందిరం గోడకి మూడడుగులు, పాత బడి మెట్ల కింద, అలాగ. పదకొండు వాల్వుల్లో పది దొరికాయి. పదకొండోది దిగువ వీధిది, అది కట్టకుండా అక్కడ ఏ రిపేరూ చేయలేం. "వేపచెట్టుకి తూర్పున నాలుగడుగులు" అన్నారు. సిమెంటు రోడ్డేసినప్పుడు ఆ చెట్టు కొట్టేశారని చెప్తే కాసేపు మాట్లాడలేదు.

"మొదలైనా లేదేటే?"

లేదు మావయ్యా, మొదలు మీదే రోడ్డు పోశారు. వచ్చే ఆదివారం వస్తానన్నారు. ఇనప కీకి నూనె రాసి ఉంచాను.