తొక్కు ముచ్చట

నిన్న రాత్రి హైదరాబాద్‌లో ఓపెన్ మైక్, అంటే ఎవరైనా స్టేజీ ఎక్కి జోకులు చెప్పొచ్చు. నాకిచ్చింది ఐదు నిమిషాలు. టెన్షన్‌లో మంచినీళ్ల సీసా మూత పెట్టడం మర్చిపోయి చొక్కా తడుపుకున్నా.

నాన్నది తెనాలి, అమ్మది హనుమకొండ. పెళ్లైన కొత్తలో అమ్మ "తొక్కు ఏస్కుంటవా?" అంటే, నాన్న అరటితొక్క అనుకుని బిక్కమొహం వేశాడట. అది పచ్చడని తెలిసేసరికి పెరుగన్నంలోకి వచ్చేశాడు. దీనికి బాగానే నవ్వారు.

2014 జూన్ 2న అమ్మ వీధంతా మిఠాయిలు పంచింది, నాన్న టీవీ ఆపేసి పడుకున్నాడు. లేచాక మిగిలిన లడ్డూలు తిన్నది మాత్రం ఆయనే. హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు పదేళ్లకి, 2024లో తీరిపోయింది. మా ఇల్లే ఇంకా ఉమ్మడి, దీనికి గడువు కూడా రాయలేదు. దీనికి చప్పట్లు పడ్డాయి.

అమ్మ మొదటిసారి వచ్చి వెనక వరసలో కూర్చుంది. తిరిగొస్తూ ఆటోలో అంది: "తొక్కు ముచ్చట మంచిగుంది బిడ్డా. గని నా లెక్క మాట్లాడంగనే జోకు రాకముందే నవ్విన్రు. మీ నాయిన లెక్క మాట్లాడితే ఎవ్వలు నవ్వలే. ఎందుకు?"

సినిమాల్లో ఏళ్ల తరబడి ఆ యాసని రౌడీలకీ కమెడియన్లకీ ఇచ్చారు కదా, అలవాటైపోయింది అన్నాను. మరి నేను చేసిందేమిటి? నాకే నోట మాట రాలేదు.

వచ్చే వారం కథంతా అమ్మ యాసలోనే చెప్తా. వింతగా మాట్లాడే అల్లుడు నాన్న. ఆయన అప్పుడే అడుగుతున్నాడు, తనకి డైలాగులెన్ని అని.